నలభై నాలుగు సీట్ల స్టేడియం

చిత్రావతి విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ స్టేడియాన్ని చిన్నది చేయాలన్న ఆలోచన ముందుగా ఎవరికి వచ్చిందో ఫైల్లో స్పష్టంగా లేదు. ఫైలు రాసింది నేనే కాబట్టి ఎందుకు లేదో నాకు తెలుసు. అందరికీ ఒకేసారి వచ్చినట్టు రాయమన్నారు, అలాగే రాశాను.

నా పేరు తిప్పేస్వామి. ఎస్టేట్ విభాగంలో సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ విశ్వవిద్యాలయంలో ఏది కట్టినా, ఏది కూల్చినా, కట్టకముందే కూలినా ఆ కాగితం నా బల్ల మీదుగానే పోయింది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా ఇప్పుడు అభినందన సభల్లో తీరిక లేకుండా ఉన్నారు.

గొడవంతా విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లు ఇచ్చే బృందంతో మొదలైంది. వాళ్ళు నాలుగు రోజులు మా అతిథి గృహంలో బస చేసి, అన్నీ చూసి, స్టేడియం దగ్గర ఆగి రెండే ప్రశ్నలు వేశారు. ఎందరు కూర్చోవచ్చు? పదివేల మంది. మామూలుగా మ్యాచికి ఎందరొస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు వ్యాయామ విభాగం డైరెక్టరు ఓబులేసు. ఓబులేసుకు ఇరవై రెండేళ్ళ సర్వీసున్నా నిజం చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

"నలభై ముగ్గురు సార్. పల్లీలమ్మే ఇద్దరితో కలిపి" అన్నాడు.

నివేదిక వచ్చింది. వసతుల వినియోగం, స్టేడియం: సున్నా పాయింటు నాలుగు మూడు శాతం. మా వైస్ ఛాన్సలర్ ఆచార్య దివాకరం గారు గణాంక శాస్త్రంలో పండితులు. మనుషుల పేర్లు మరిచిపోతారు కానీ శాతాలు మరిచిపోరు. ఆ అంకె చూశాక ఆయన మూడు రోజులపాటు మజ్జిగ తప్ప ఏదీ ముట్టలేదని ఆయన డ్రైవరు చెప్పాడు.

శాతం పెంచడానికి రెండే దారులున్నాయి. ఒకటి, ప్రేక్షకులను పెంచడం. దానికి మంచి జట్టు కావాలి. జట్టుకు బూట్లు కావాలి, బస్సు కావాలి, నెలకోసారైనా గుడ్డు కావాలి. రెండోది, సీట్లు తగ్గించడం. దీనికి ఒక తీర్మానం చాలు.

అదే సమయంలో దివాకరం గారు పదకొండు రోజుల విదేశీ అధ్యయన యాత్ర నుంచి తిరిగొచ్చారు. అక్కడెక్కడో ఒక విశ్వవిద్యాలయంవాళ్ళు తమ పెద్ద స్టేడియాన్ని పడగొట్టి, దాని స్థానంలో చిన్నదీ, మరింత ఆధునికమైనదీ కట్టుకుంటున్నారట. ఆయన ఆ పునాది గుంటల ముందు నిలబడి ఫొటోలు దిగి వచ్చారు. వెంటనే స్టేడియం ఆధునికీకరణ కమిటీ వేశారు. అందులో ఇరవై ఒక్కమంది సభ్యులు. ఫుట్‌బాల్ ఆడినవాడు ఓబులేసు ఒక్కడే కావడంతో అతన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పెట్టారు. అంటే టీ ఇస్తారు, మాట్లాడనివ్వరు.

మొదటి సమావేశంలో దివాకరం గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మహాశయులారా! బృహత్తు అనేది గత శతాబ్దపు భావన. ఈ శతాబ్దం లఘుత్వానిది. టెలిఫోను చిన్నదైంది, కంప్యూటరు చిన్నదైంది, మన విద్యార్థుల పరీక్షా సమాధానాలు కూడా చిన్నవయ్యాయి. స్టేడియం మాత్రం ఎందుకు పెద్దదిగా ఉండాలి? ఈ ప్రశ్న వేసుకునే ధైర్యం మనకుందా?"

ఉందని చెప్పి కమిటీ బల్లలు చరిచింది. బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంటు నిఖిలేష్ లేచాడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు. "ఇంటిమసీ సార్, ఇంటిమసీ! ప్రేక్షకుడికీ ఆటగాడికీ మధ్య డిస్టెన్స్ తగ్గాలి. ఐడియల్‌గా జీరో ఉండాలి" అన్నాడు.

దివాకరం గారు కాగితం మీద లెక్క వేశారు. వచ్చేది నలభై ముగ్గురు. తాను కూడా వెడతారు గనుక నలభై నలుగురు. నలభై నాలుగు సీట్లు కడితే నూటికి నూరు శాతం వినియోగం. ఆ కాగితాన్ని ఆయన చిన్నపిల్లను ఎత్తి చూపినట్టు ఎత్తి చూపారు. నాకు చెప్పడానికి సిగ్గేమీ లేదు, నేనూ చప్పట్లు కొట్టాను. గదిలో ఏసీ బాగా పనిచేస్తోంది.

తీర్మానం మా యూనివర్సిటీ ఇంజినీరు కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ మా ఇంజినీరింగ్ విభాగపు పద్ధతి ఒకటి చెప్పాలి. నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు పదకొండేళ్ళుగా ఖాళీ. అంచేత మా దగ్గర కొత్త నక్షా అంటూ ఏదీ పుట్టదు. పాత నక్షానే జెరాక్సు మెషిన్లో పెట్టి, పెద్దది కావాలంటే పెంచుతారు, చిన్నది కావాలంటే తగ్గిస్తారు. మా లైబ్రరీ, మా క్యాంటీను, మా పరిపాలనా భవనం మూడూ ఒకే కుటుంబంలో పిల్లల్లా ఉండటానికి కారణం ఇదే.

కుళ్ళాయప్ప పాత స్టేడియం నక్షాను మెషిన్లో పెట్టాడు. పదివేల సీట్లు నలభై నాలుగు కావాలంటే పొడవూ వెడల్పూ పదిహేనో వంతుకు రావాలి. బొత్తం నొక్కాడు. సీట్లు తగ్గాయి. సీట్లతోపాటు మైదానం కూడా తగ్గింది. నూట ఐదు మీటర్ల పొడవు ఏడు మీటర్లయింది. అరవై ఎనిమిది మీటర్ల వెడల్పు నాలుగున్నర అయింది. గోలుపోస్టులు అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు. మరుగుదొడ్డి తలుపు ఎత్తు పద్నాలుగు సెంటీమీటర్లు. చివరిదాన్ని మాత్రం రిజిస్ట్రారు గారు స్వయంగా జోక్యం చేసుకుని పెంచారు.

నేను కుళ్ళాయప్ప గదికి వెళ్ళి, మైదానం కూడా కుదించుకుపోయిందని చెప్పాను.

"మెషిన్‌కి ఏది తగ్గియ్యల్లో ఏది తగ్గియ్యగూడదో ఎట్ల తెలుస్తాది తిప్పేస్వామీ?" అన్నాడు కుళ్ళాయప్ప, నా అజ్ఞానానికి జాలిపడుతూ. "అది మెషినప్పా. పక్షపాతం ఉండదు."

"మరి మారుద్దాం."

"ఎట్ల మారుస్తావు? నిన్ననే పాలకమండలి ఆమోదించింది. మళ్ళా మండలి కూర్చునేది జులైలో. అయినా సీట్లు మాత్రం మనుషుల కొలతకే పెట్టిస్తాండాలే. కూర్చునేది పెద్దోళ్ళు గదా."

దివాకరం గారికి విషయం చెబితే ఆయన ముఖం వెలిగింది. మైదానం సైతం ఆధునికం కావడం తాను ఊహించని లాభం అన్నారు. దాంతో క్రీడా నియమాల ఉపసంఘం ఏర్పడింది. మైదానానికి తగ్గట్టు మిగతావీ తగ్గించాలి కదా. తొంభై నిమిషాల ఆట ఆరు నిమిషాలైంది. బంతి గోలీకాయంత అయింది. పదకొండుమంది ఆటగాళ్ళను పదిహేనుతో భాగిస్తే సున్నా పాయింటు ఏడు మూడు మంది వచ్చారు. ముప్పావు మనిషిని ఎక్కడినుంచి తేవాలని రెండు గంటలు చర్చ జరిగింది. చివరికి దివాకరం గారు ఉదారంగా రౌండాఫ్ చేసి ఒకరిని చేశారు.

"మరి మిగతా పదిమంది పిల్లోళ్ళు సార్?" అని ఓబులేసు అడిగాడు. ఆహ్వానితుడు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆన్‌లైన్లో పాల్గొంటారు" అన్నారు దివాకరం గారు.

మర్నాటి నుంచి జేసీబీలు వచ్చి పాత గ్యాలరీని పడగొట్టాయి. రాళ్ళు మైదానం చుట్టూ గుట్టలుగా పడ్డాయి. మైదానమంతా చక్రాల గుంతలు. ఒక మూల, మునుపు సైకిల్ స్టాండు ఉన్నచోట, అద్దాల గోడలతో నలభై నాలుగు సీట్ల స్టేడియం మొలిచింది. దూరం నుంచి చూస్తే ఏటీఎం అనుకుని ఇద్దరు ముగ్గురు కార్డులు పట్టుకుని వచ్చారు కూడా.

వారం తర్వాత ఓబులేసు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్కన ఒక అమ్మాయి. సుంకమ్మ, మహిళల జట్టు కెప్టెను, బీఏ చివరి సంవత్సరం. చేతిలో ఒక ఉత్తరం.

ఉత్తరం క్రీడా మండలి నుంచి. మా అమ్మాయిల జట్టు అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఈ ఏడు జోనల్ ఫైనల్‌కు చేరింది. అలాంటిదొకటి జరిగిందని అప్పటిదాకా పరిపాలనా భవనంలో ఎవరికీ తెలియదు. ఫైనల్ ఫిబ్రవరి పద్నాలుగున, ఈసారి వంతు మాది, మా మైదానంలోనే జరగాలి. పరిశీలకుడు పదిరోజుల ముందొచ్చి కొలతలు చూస్తాడు. కొలతలు సరిపోకపోతే ఆట లేకుండానే గెలుపు అవతలి జట్టుకు రాసేస్తారు.

"ఆడి ఓడిపోతే ఏడ్చుకుంటాం సార్" అంది సుంకమ్మ. "ఆడకుండా ఓడిపోయేది ఏంది? ఫైనల్ ఆడినట్ల సర్టిఫికెట్టుంటే నాకు బీపీఈడీ కాలేజీలో క్రీడల కోటా సీటొస్తాది. పీఈటీ అయితా. లేకుంటే మా యమ్మ పక్కన శెనక్కాయల మిల్లులో కూచ్చోని కాయలు ఏరల్ల. మా యమ్మ ఇప్పుటికే నాకొక చాట తీసి పెట్టిండాది."

"వీసీ గారిని కలిశారా?"

ఓబులేసు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సుంకమ్మే చెప్పింది. "కలిసినాం సార్. ఆధునిక క్రీడాకారిణి పరిమిత స్థలంలో అపరిమితంగా ఆలోచించాలన్నాడు. అపరిమితంగానే ఆలోచించినా సార్. నా అడుగు ఒకటి మీటరుంటాది. ఏడడుగులేస్తే ఆ స్టేడియం గోడకు మూతి తగులుతాది."

చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఉన్నట్టుండి ఏడ్చింది. ఓబులేసు జేబురుమాలు తీసిచ్చాడు. అందులో విజిల్ చుట్టి ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో నేను ఎన్నో చూసి నోరు మూసుకున్నాను. నీళ్ళులేని ఈతకొలను ప్రారంభోత్సవానికి నేనే రిబ్బను కొన్నాను. కానీ ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఒంట్లో బీపీ ఉంది కాబట్టి గట్టిగా అరవలేను. నాకు తెలిసిన పోట్లాట ఒకటే, నోట్ ఫైలు రాయడం. తెల్లకాగితం తీశాను.

విదేశీ అధ్యయన యాత్ర గురించి దివాకరం గారు సమర్పించిన నివేదిక బీరువాలోంచి తీశాను. అందులో ఏడో పేజీలో ఒక వాక్యం దొరికింది: "అక్కడ కట్టుచున్న స్టేడియము చిన్నది, పార్కింగు స్థలము మాత్రము కనుచూపు మేర." ఆ వాక్యాన్ని పైన ఎత్తి రాసి, కింద ఇలా నివేదించాను.

"తమరి అమూల్య పరిశీలన ప్రకారం ఆధునిక స్టేడియానికి ప్రాణం పార్కింగ్ అని తెలియవచ్చుచున్నది. కావున పాత మైదాన స్థలమందు హరిత పార్కింగ్ నిర్మాణమునకు ఈ దిగువ వివరములతో అనుమతి కోరడమైనది. విస్తీర్ణం: నూట ఐదు మీటర్లు, అరవై ఎనిమిది మీటర్లు. ఉపరితలం: చదును చేసి గడ్డి వేయవలెను, పర్యావరణ హితమై యుండును. రెండు చివరల లారీలు, బస్సులు జొరబడకుండ ఎత్తు నియంత్రణ కమ్మీలు: వెడల్పు ఏడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లు, ఎత్తు రెండు మీటర్ల నలభై నాలుగు. సదరు కమ్మీల వెనుక, బ్రేకు పడని వాహనములను ఆపుటకు వల. నడుమ వాహనములు తిరుగుటకు తెల్లసున్నంతో వృత్తం. నాలుగు మూలల హద్దు తెలుపు జెండాలు. దుమ్ము రాకుండ చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కంచె."

కుళ్ళాయప్ప చదివాడు. చదివి నా వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. ఆయన తలకాయ మరీ పనిచేయనిదేమీ కాదు, వాడే సందర్భాలు తక్కువ.

"కమ్మీలు ఇంత పక్కా లెక్కతో ఎందుకప్పా?"

"ఆధునికం సార్."

"ఇంత ఎత్తులో లారీ దూరదంటావా?"

"దూరదు సార్."

ఆయన సంతకం పెడుతూ, "మా తమ్ముడి కూతురు కూడా ఆ జట్టులో ఆడతాదిలే" అన్నాడు, కాగితం మీంచి తల ఎత్తకుండా. ఈ జెరాక్సు మనిషిని కౌగిలించుకోవాలనిపించింది.

దివాకరం గారికి 'హరిత' అన్న మాట బాగా నచ్చింది. రెండుసార్లు కింద గీత గీశారు. కన్సల్టెంటు నిఖిలేష్ ఆ నక్షా చూసి, "వావ్! సర్క్యులేషన్ ఫ్లో సూపర్! ఇదెవరి డిజైన్?" అని అడిగాడు. అతనిదేనని చెప్పాను. అతను ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి నాలుగున క్రీడా మండలి పరిశీలకుడు వచ్చాడు. ముందు సంప్రదాయం ప్రకారం కొత్త స్టేడియం చూపించాం. ఆయన టేపు తీశాడు. టేపు డబ్బాలోంచి పూర్తిగా బయటికి రాకముందే మైదానం అయిపోయింది. ఆయన గోడ పక్కన కూర్చుని నీళ్ళు తాగాడు. తరువాత ఓబులేసు ఆయన్ని ఆకుపచ్చ గుడ్డ వెనక్కి తీసుకెళ్ళాడు. అరగంట తరువాత బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"వేదిక పేరు ఏమని రాయమంటారు?" అన్నాడు.

"పార్కింగ్ అని రాయండి సార్" అన్నాను. ఆయన అలాగే రాశాడు.

పద్నాలుగో తేదీ ఉదయాన్నే కొత్త స్టేడియం ప్రారంభోత్సవం కూడా పెట్టారు. నలభై ముగ్గురు అతిథులు, దివాకరం గారు. ఒక్క సీటు ఖాళీ లేదు. నూటికి నూరు శాతం. దివాకరం గారు ప్రతి సీటునూ వేలితో లెక్కపెట్టి, తనను మరిచిపోయి, కంగారుపడి, మళ్ళీ లెక్కపెట్టారు.

ప్రారంభ మ్యాచిలో ఒక పక్షాన రిజిస్ట్రారు గారు, మరో పక్షాన నిఖిలేష్. ఒక్కో జట్టుకు ఒక్కరు. మిగతా ఇరవైమంది పెద్దలు తెర మీద ఆన్‌లైన్లో పాల్గొంటున్నారు, అందులో సగంమంది మైకులు మూసుకోలేదు. దివాకరం గారు గోలీకాయంత బంతిని బూటు కొసతో తన్ని ఆట ప్రారంభించారు. బంతి గడ్డిలోకి పోయింది. ఇద్దరు ఆటగాళ్ళూ మోకాళ్ళ మీద వెతికారు. తరువాత డీన్లు దిగి వెతికారు. అద్దాల గోడకు ముక్కు ఆనించి ఫొటోగ్రాఫరు కూడా వెతికాడు. ఆరు నిమిషాలూ అయిపోయి విజిల్ వేశారు. సున్నా సున్నాతో మ్యాచి సమమైంది. రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించారు.

అప్పుడే బయట హోరు వినిపించింది. అద్దాలు గలగలలాడాయి.

"ఏమిటా శబ్దం?" అన్నారు దివాకరం గారు.

"పార్కింగ్ జరుగుతోంది సార్" అన్నాను.

"ఎంత ఉత్సాహంగా జరుగుతోంది!" అని ఆయన మురిసిపోయారు. ఆ తరువాత గంటకు పైగా ప్రసంగించారు.

ఆకుపచ్చ గుడ్డ వెనక ఎందరున్నారో ఓబులేసు కూడా లెక్కపెట్టలేకపోయాడు. పదివేల సీట్ల గ్యాలరీ ఉన్నప్పుడు రానివాళ్ళు, పార్కింగ్‌లో ఫైనలట అని తెలిసి వింత చూడటానికి వచ్చారు. పడగొట్టిన రాళ్ళగుట్టల మీద కిక్కిరిసి కూర్చున్నారు. హాస్టళ్ళు ఖాళీ. శెనక్కాయల మిల్లు ఆడవాళ్ళంతా సుంకమ్మ తల్లితో సెలవు పెట్టి వచ్చారు. నేను స్టేడియంలో ప్రసంగం వింటూ మధ్య మధ్య నీళ్ళ వంకతో బయటికి పరిగెత్తి చూస్తున్నాను. మొదటి సగంలో అవతలి జట్టు ఒక గోలు. డెబ్బయ్యో నిమిషంలో కుళ్ళాయప్ప తమ్ముడి కూతురు ఒక గోలు. చివరి నిమిషంలో మాకు పెనాల్టీ. బంతిని సుంకమ్మ చేతుల్లోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే దివాకరం గారు ప్రసంగం ముగించి బయటికి వచ్చారు.

ఆయన కారు రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"కనుచూపు మేర పార్కింగ్ కట్టించి, వైస్ ఛాన్సలర్ కారు రోడ్డున పెడతారా? పద, లోపల పెట్టు. నేను స్వయంగా చూడాలి."

కారు ఎక్కారు. ముందు సీట్లో నేను. డ్రైవరు కంచె గేటు వైపు తిప్పాడు. కారు లోపలికి పోతే అంతా బయటపడుతుంది, ఆట ఆగిపోతుంది, ఆ పిల్ల సర్టిఫికెట్టు గాల్లో కలిసిపోతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ వన్నూరప్ప ఉన్నాడు. అతనికి మేము ఏమీ చెప్పలేదు. ఏ బండినీ లోపలికి పంపొద్దని మాత్రం ఓబులేసు చెప్పినట్టున్నాడు. వన్నూరప్ప కారుకు అడ్డంగా వచ్చి రెండు చేతులూ చాచాడు.

"పార్కింగ్ ఫుల్లు సార్."

దివాకరం గారు అద్దం దించారు. "ఏమన్నావ్?"

"ఫుల్లు సార్. సూది దూర్చేకి గూడా సందు లేదు. పొద్దున్నుంచి వస్తానే ఉండారు."

నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూస్తే, దివాకరం గారి కళ్ళనిండా నీళ్ళు.

"ఫుల్లా?" అన్నారు. "నూటికి నూరు శాతమా?"

"నూరు దాటిపోయిండాది సార్" అన్నాడు వన్నూరప్ప.

"తిప్పేస్వామీ, రాసుకోండి. నూరు దాటింది. ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో..." జేబురుమాలు ముఖానికి అడ్డుపెట్టుకున్నారు. కారు వెనక్కి తిప్పమని చేత్తో సైగ చేశారు.

గుడ్డ వెనక రెఫరీ విజిల్ మోగింది. ఠప్పున బూటు బంతికి తగిలిన చప్పుడు. ఆ వెంటనే రాళ్ళగుట్టలన్నీ ఒక్కసారి లేచి అరిచినట్టు అరుపు. మిల్లు ఆడవాళ్ళ కేకలు అన్నిటికన్నా పైన వినిపిస్తున్నాయి. నాకూ ఏడుపు ఆగలేదు.

దివాకరం గారు జేబురుమాలు తీసి, ఆశగా నా వైపు వంగారు.

"ఏమైంది? ఇంకొకటి దూరిందా?"

"దూరింది సార్" అన్నాను. "కుడివైపు మూలకు."